సీమలో కుటుంబ విడిది: డేరా, పడక, దుప్పటి

పిల్లాపాపలతో ఒకటి రెండు రాత్రులు ఆరుబయట గడపడానికి కావలసిన నీడ, పడక, కప్పుకునే గుడ్డ, దోమతెరల ఎంపిక ఈ వ్యాస విషయం. పరిధి రాయలసీమలోని ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలు. ఇక్కడ కుటుంబాలు ఎక్కువగా వెళ్లే చోట్లు గండికోట లోయ అంచు, ఓర్వకల్లు రాతివనం, బెలుం గుహల పరిసరాలు, అహోబిలం, నల్లమలలోని బైర్లూటి, పచ్చర్ల. పాత కర్నూలు జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయింది కాబట్టి బెలుం, అహోబిలం, నల్లమల విడుదులు ఇప్పుడు నంద్యాల లెక్కలోకి వస్తాయి.

దుకాణాల్లో దొరికే డేరాలు, నిద్రసంచులు చాలావరకు చలిదేశాల అవసరాలకు రూపుదిద్దుకున్నవి. వాటి మీది చీటీలు మంచు గురించి, గడ్డకట్టే చలి గురించి చెబుతాయి. సీమలో మనిషిని నిద్రపోనివ్వనివి వేరు. పగలంతా కాగిన బండ అర్ధరాత్రి దాకా కక్కే వేడి, గాలి ఆడని ఉక్క, లేదా డేరాను పీకేసే ఈదురుగాలి, దోమ, నేల మీద పాకే పురుగూ పుట్రా. చీటీ చదివి కొన్నవాళ్ల కంటే ఈ నేలను చూసి కొన్నవాళ్లే ఇక్కడ సుఖంగా నిద్రపోతారు.

పూర్వపు విడుదులు

ఆరుబయట బస ఈ ప్రాంతానికి కొత్త కాదు, విహారం కోసం చేయడమే కొత్త. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652 సెప్టెంబరులో గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది డేరాలోనే. కోట అప్పుడప్పుడే చేతికొచ్చింది. మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల మధ్యా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటీ తీస్తూ పక్కనున్న గుమాస్తాలకు జవాబులు చెప్పి రాయించడాన్ని ఆయన తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. ఇవాళ సెలవు రోజుల్లో రంగురంగుల డేరాలు లేచేది ఆ గండికోటలోనే.

1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక, 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఎక్కువ కాలం ఊరూరా డేరాలు వేసుకుంటూనే తిరిగాడు. తర్వాత మద్రాసు గవర్నరై, దేశం విడిచి వెళ్లే ముందు చివరిసారి ఈ జిల్లాలు చూడవచ్చి, 1827 జులై 6న పత్తికొండ మకాంలో కలరాతో చనిపోయాడు. ఎంత పెద్ద పరివారం వెంట ఉన్నా విడిదిలో మొదట చూసుకోవలసింది నీళ్లేనని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కరలేదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగుతూ ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉందో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో రాసిపెట్టుకున్నాడు. అదొక రకంగా ఈ దారికి మొదటి కుటుంబ విడిది మార్గదర్శి.

పెద్దవాళ్ల డేరాల సంగతి అలా ఉంటే, మామూలు కుటుంబాలకు తిరునాళ్లే విడుదులు. గూడుబండిలో గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, ఆడవాళ్లనూ పసిపిల్లలనూ బండిలో పడుకోబెట్టి మగవాళ్లు బండి కింద పడుకునేవాళ్లు. ఆదోని ఒకప్పుడు నూలు జంపఖానాలకు పేరుమోసిన ఊరు. అహోబిలంలో అయితే దేవుడే బయలుదేరతాడు: సంక్రాంతి వెళ్లగానే మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లలో విడిది చేస్తూ తిరుగుతాడు. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలానికి నడిచి వెళ్లే భక్తులు, వాళ్లలో కన్నడిగులు ఎక్కువ, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా అడవిదారిన పోతూ చలువ పందిళ్ల కింద, చెట్ల కింద రాత్రులు గడుపుతారు. వాళ్ల భుజాన ఉండేది ఒక సంచి, ఒక దుప్పటి. బరువు తగ్గించుకోవడం ఎలాగో వాళ్లను చూసి నేర్చుకోవాలి.

గొర్రెల కాపరులది ఏడాది పొడుగునా విడిదే. కోత అయిన చేలల్లో మంద కట్టి, కంబళి కప్పుకుని మంద పక్కనే పడుకుంటారు. పంట కాపలా రైతుకు మంచె ఉంది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఎండాకాలమంతా మిద్దె ఉంది. మంచెలోనూ మిద్దెలోనూ ఉన్న తెలివి ఒకటే: నేలకు ఎడం, గాలికి దగ్గర.

కాలం, చోటు

ఈ రెండు జిల్లాల్లో ఏటా సగటున పడే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. మార్చి మూడో వారం నుంచి జూన్ దాకా పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. రాష్ట్రంలో ఆ రోజుకు అత్యధిక ఉష్ణోగ్రత నంద్యాలలోనో కర్నూలులోనో కడపలోనో నమోదైందన్న వార్త ప్రతి వేసవిలోనూ చదువుతాం. ఆ నెలల్లో పిల్లలను తీసుకుని డేరాలో పడుకోవడం ధైర్యం అనిపించుకోదు. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి విపరీతం. లోయ అంచున, బోడి గుట్టల మీద ఆ గాలికి తేలికపాటి డేరా నిలవదు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు, తుపానులు కడప వైపు ఎక్కువ ప్రభావం చూపుతాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 15, 20 డిగ్రీల మధ్య ఉంటుంది. గుట్టల మీద తెల్లవారుజామున మరికాస్త తగ్గుతుంది.

చోటు విషయంలో మొదటి నియమం: వంకలో, వాగులో, ఏటి ఇసుకలో పడక వేయకూడదు. పది నెలలు ఎండిపోయి, మెత్తటి ఇసుకతో, చదునుగా, గాలి తగలకుండా ఉండే వంక అడుగే చూడగానే మనసుకు నచ్చుతుంది. పైన ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ చుక్క రాలకుండానే నీళ్లు వచ్చేస్తాయి. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి కర్నూలు నగరమే మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. కరువు సీమ కదా, నీళ్లెక్కడివి అనుకోవడం ప్రమాదకరం.

గండికోటలో రెండో నియమం ఒకటుంది. లోయ అంచుకు చాలా భాగం గోడ గానీ కంచె గానీ లేదు. ఫొటో బాగా వస్తుందని అంచున డేరా వేయడం అలవాటైంది. రాత్రి నిద్రమత్తులో లేచే పిల్లవాడికి డేరా గుమ్మం ఏ వైపుందో తెలియదు. పిల్లలున్నవాళ్లు అంచుకు కనీసం యాభై అడుగులు వెనక్కి జరగాలి, గుమ్మం లోయకు వ్యతిరేక దిశలో పెట్టాలి, దారి కనిపించేలా రాత్రంతా ఒక చిన్న దీపం వెలిగించి ఉంచాలి. సూర్యోదయం చూడటానికి తెల్లారాక నడిచి వెళ్లవచ్చు.

నీడ సంగతి చెట్టును బట్టి తేల్చుకోవాలి. పొద్దుటి ఎండ తప్పించుకోవాలంటే డేరా చెట్టుకు పడమర వైపు ఉండాలి. ఎండు కొమ్మలున్నాయేమో, తేనెపట్టు ఉందేమో తలెత్తి చూడాలి. పొగ తగిలితే కొండ తేనెటీగలు మనిషిని తరిమి తరిమి కుడతాయి.

డేరా

ఇక్కడ డేరా ముఖ్యంగా దోమా పామూ రాని గది. వాననూ చలినీ ఆపడం రెండో పని. అందుకే కొనేటప్పుడు చూడవలసిన మొదటి లక్షణం అడుగు. నేలగుడ్డ గోడలతో కలిపి కుట్టి, నాలుగు వేళ్ల ఎత్తు వరకు పళ్లెంలా పైకి లేచి ఉండాలి. జిప్పులు చివరిదాకా పడాలి. పై కప్పు కింద వలగుడ్డ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. బయటి పొరను విడిగా తీసేయగలిగిన రెండు పొరల డేరా సీమకు సరిగ్గా సరిపోతుంది. వాన లేని రాత్రి బయటి పొర తీసేస్తే వలలోంచి గాలి ఆడుతుంది, చుక్కలూ కనిపిస్తాయి. ఒకే పొరతో వచ్చే చవక డేరాలో నలుగురి ఊపిరి తేమ తెల్లారేసరికి గోడల మీద నీటి బొట్లై కూర్చుంటుంది.

వానకు ఎంత తట్టుకుంటుందో తెలిపే అంకెను మిల్లీమీటర్లలో ఇస్తారు. గుడ్డ మీద ఎంత ఎత్తు నీరు నిలబెడితే కారడం మొదలవుతుందో దాని కొలత అది. 1500 నుంచి 3000 మధ్య ఉంటే ఇక్కడి చలికాలపు జల్లులకు చాలు. అంతకు మించి డబ్బు పెట్టడం దండగ. గుడ్డలో పాలిస్టర్ మేలు. నైలాన్ తడిస్తే సాగుతుంది, ఎండకు ఇంకా త్వరగా చివుకుతుంది. ముతక నూలు కాన్వాసు గాలి ఆడనిస్తుంది, లోపల వేడి తక్కువ, కానీ కుటుంబానికి సరిపడే డేరా ఇరవై కిలోలు దాటవచ్చు. సొంత జీపు ఉన్నవాళ్లకు ఆ బరువు ఇబ్బంది కాదు. డెకథ్లాన్ వంటి దుకాణాల్లో వెలుతురు చొరకుండా నల్లపూత పూసిన డేరాలు దొరుకుతాయి. పొద్దెక్కాక కూడా పిల్లలను పడుకోనిస్తాయి. ఏ డేరా అయినా ఎనిమిది దాటాక ఎండలో మూసి ఉంచితే లోపల ఉండలేం. సాయంత్రం వేసి పొద్దున్నే విప్పేయడమే పద్ధతి.

చీటీ మీద నలుగురు అని ఉంటే, భుజం భుజం ఆనించి పడుకునే నలుగురని అర్థం. మనిషికి రెండడుగుల వెడల్పుకు మించి ఇవ్వరు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, వాళ్ల సంచులు సర్దుకోవాలంటే ఆరుగురి డేరా తీసుకోవాలి. అవ్వాతాతలు కూడా వస్తే వాళ్లకు వేరే డేరా, అదీ నిటారుగా నిలబడి లోపలికి వెళ్లగలిగేది చూడాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వను దేకుతూ లోపలికి రమ్మంటే మరోసారి రాదు.

మేకుల దగ్గర నేల అసలు బుద్ధి బయటపడుతుంది. గండికోట గట్టి క్వార్ట్‌జైట్ బండ, భూగర్భ శాస్త్రంలో ఆ రాతి పొరకు ఊరి పేరే పెట్టారు. దాంట్లో డేరాతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకు అంగుళం కూడా దిగదు, వంగిపోతుంది. కాబట్టి మేకులు లేకుండా కమ్మీల బలంతో తనంతట తాను నిలబడే గోపురం డేరా తీసుకోవాలి. తాళ్లను రాళ్లకు కట్టాలి. కట్టడంలో చిన్న కిటుకు ఉంది. తాడును నేరుగా పెద్దరాయికి చుడితే రాయి అంచుకు ఒరుసుకుని రాత్రికి తెగుతుంది. పిడికెడంత గుండ్రాయికి తాడు ముడివేసి, దాన్ని నేల మీద పెట్టి, దాని ముందు డేరా వైపున తాడు మీదుగా బరువైన రాయిని ఎత్తి పెట్టాలి. తాడు లాగే కొద్దీ గుండ్రాయి పెద్దరాయిని ఆనుకుని బిగుసుకుంటుంది. లేదా ఖాళీ సిమెంటు సంచులు తీసుకెళ్లి ఇసుకో మట్టో నింపి మూలలకు కట్టవచ్చు. కోట లోపలి గుడి, మసీదు, ధాన్యాగారం రాళ్లకు తాళ్లు కట్టకూడదు, అవి రక్షిత కట్టడాలు.

నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో కథ వేరు. పొడిగా ఉన్నప్పుడు మేకు సులువుగా దిగుతుంది, గాలికి అంతే సులువుగా ఊడుతుంది. అక్కడ అడుగు పొడవున్న ఇనుప మేకులు వాలుగా కొట్టాలి. నెర్రెలు విచ్చిన చేలో డేరా వేయకూడదు, ఆ నెర్రెల్లో తేళ్లు, పాములు ఉంటాయి. జల్లు పడితే అదే మట్టి జిగురై చెప్పులను వదలదు, బండి చక్రాలనూ వదలదు. ఎర్రగరుపు నేల దొరికితే అదృష్టం, నీరు నిలవదు, మేకు పట్టుకుంటుంది.

పడక

గాలి నింపే పరుపు చూడటానికి సుఖంగా ఉంటుంది. సీమలో అది ఒక్క రాత్రి ముచ్చట. కంపచెట్టు ముల్లు డేరా అడుగును కూడా దాటి గుచ్చుకుంటుంది. పల్లేరుకాయను ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఆ పరుపు వాడక తప్పదనుకుంటే డేరా కింద మందపాటి టార్పాలిన్ పరిచి, దానికి ముందు ఆ జాగాను చీపురుతో ఊడ్వాలి. టార్పాలిన్ డేరా అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్లను పట్టి పడక కిందికే చేరుస్తుంది.

మడత పెట్టుకునే నురుగు చాప ముల్లు గుచ్చుకున్నా పనికొస్తుంది, చవక, తేలిక. నేల చలిని చాప ఎంత ఆపుతుందో చెప్పడానికి ఆర్-విలువ అనే అంకె వాడతారు. ఇక్కడికి ఒకటి, రెండు ఉంటే చాలు. నాలుగు, ఐదు మంచుకొండలకు. వేడి రోజుల్లో కూడా ఈ చాపకు పని ఉంది, కాగిన బండ వేడిని ఒంటికి తగలనివ్వదు. వయసు మళ్లినవాళ్లకు మాత్రం ఒక అంగుళం నురుగు చాలదు. దాని మీద ఇంటి బొంత రెండు మడతలు వేయాలి.

బండిలో చోటుంటే మంచాన్ని మించింది లేదు. నులక మంచమో నవారు మంచమో పట్టుకుపోవడం కష్టమైతే మడత మంచాలు దొరుకుతున్నాయి. మంచం నేలకు జానెడైనా ఎత్తులో ఉంచుతుంది, కిందనుంచి గాలి ఆడుతుంది. అదే గాలి జనవరిలో శత్రువు. మంచం మీద పడుకున్నవాడికి చలి కిందనుంచి వస్తుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగదు. చలికాలంలో బొంత పైన కప్పుకోవడం కంటే కింద పరుచుకోవడం మంచిది. ఈతచాప, తుంగచాప బండ మీద మెత్తదనం ఇవ్వవు గాని డేరా ముందు వసారాలా పరిచి భోజనాలకు కూర్చోవడానికి బాగుంటాయి. పసిబిడ్డను గాలిపరుపు మీద ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. ముఖం కూరుకుపోయి ఊపిరాడని ప్రమాదం ఉంది.

కప్పుకునేది

నిద్రసంచుల మీద రాసే ఉష్ణోగ్రతకు ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చీటీ మీద కనీసం రెండు అంకెలు ఉంటాయి: సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకుని ఎలాగో ఓర్చుకోగల ఉష్ణోగ్రత ఇంకొకటి. చూడవలసింది మొదటిది. ఇక్కడి చలికాలానికి అది 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. సున్నా డిగ్రీల సంచి కొంటే అర్ధరాత్రి చెమటలు పట్టి లేచి బయటికి రావాల్సిందే. పిల్లల సంచులకు ఈ కొలత వర్తించదు కాబట్టి వాటి మీది అంకెను నమ్మకూడదు. నిజానికి కుటుంబానికి సంచుల కంటే దుప్పట్లే నయం. వేడి చేస్తే తోసేయవచ్చు, చలేస్తే లాక్కోవచ్చు, పక్కనున్న పిల్లవాడి మీద సగం కప్పవచ్చు.

కంబళికి ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది. కురుబలు గొర్రె బొచ్చు వడికి నేసే నల్ల కంబళి ముతకగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది, కొత్తలో ఒక వాసన వేస్తుంది. ఆ వాసనలో కొంత చింతగింజలది. చింతగింజల పిండి ఉడికించి చేసిన గంజి పట్టించడం వల్ల నూలు బిగుసుకుని వాన చినుకులు లోపలికి ఇంకకుండా జారిపోతాయి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నిప్పురవ్వ పడితే మాడుతుందే గాని పాలిస్టర్‌లా కరిగి చర్మానికి అంటుకోదు. చలిమంట దగ్గర కూర్చునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఒంటికి తగలకుండా లోపల పాత నూలు చీర, పైన కంబళి వేసుకుంటే గరుకుదనం తెలియదు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు. మాంసం కోసం ఆ జాతి మందలు పెరిగిన కొద్దీ చేనేత కంబళి అరుదవుతోంది. దొరికినప్పుడే కొనిపెట్టుకోవాలి.

చలికి డేరా లోపల బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం. వాసన లేని విషవాయువు నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. పొయ్యి, గ్యాసు స్టవ్వు డేరా వసారాలో కూడా వెలిగించకూడదు.

పురుగూ పుట్రా

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గాటు కనపడకపోయినా పాముకాటే అనుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. దోమతెర అంచులను పరుపు కిందికి బిగించి దోపితే పాము లోపలికి రాలేదు. తెరను వేలాడదీసి వదిలేస్తే దోమలు కూడా ఆగవు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి ఒకే విషవిరుగుడు మందు ఉంది, అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి. గాటు కోయడం, తాడు బిగించి కట్టడం, నాటుమందు కోసం తిరగడం చేస్తే విలువైన సమయం పోతుంది. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. గండికోట, బెలుం, నల్లమల వంటి చోట్ల సిగ్నలు ఎక్కడ అందుతుందో చీకటి పడకముందే చూసుకోవాలి.

తేళ్లు అతినీలలోహిత టార్చి వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తాయి. అలాంటి చిన్న టార్చి ఒకటి కొంటే పడుకునే ముందు డేరా చుట్టూ ఒక చుట్టు తిరగవచ్చు. పిల్లలు ఈ పనికి ఎగబడతారు, చెప్పులేసుకుని రమ్మనాలి. పొద్దున లేవగానే బూట్లు దులపనిదే కాలు పెట్టకూడదు. అహోబిలం, మహానంది వైపు కోతుల బెడద ఎక్కువ. తిండి సంచి డేరాలో పెడితే జిప్పును కాదు, గుడ్డనే చింపుతాయి.

అనుమతి, అద్దె

నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. ఇష్టమొచ్చిన చోట డేరా వేయడం, మంట పెట్టడం చట్టవిరుద్ధం. శివరాత్రి నడకదారి కూడా ఆ కొద్ది రోజులకే తెరుస్తారు. అడవిలో రాత్రి గడపాలనుకునే కుటుంబానికి అటవీశాఖ బైర్లూటి, పచ్చర్లల్లో నడిపే జంగిల్ క్యాంపులే మార్గం. బైర్లూటి చెంచుల గూడెం, అక్కడి విడిది పనుల్లో చెంచులకు పాలు ఉంది. వాళ్ల సంప్రదాయ గుడిసె గుండ్రంగా, వెదురు తడికె గోడతో, శంఖువులాంటి గడ్డికప్పుతో ఉంటుంది. గాలి ఏ వైపు నుంచి వీచినా ఆ గోడను పట్టుకోలేదు. గోపురం డేరా కనిపెట్టినవాళ్ల కంటే చాలా ముందే చెంచులకు తెలిసిన సంగతి ఇది. గండికోటలోనూ ఓర్వకల్లులోనూ పర్యాటక శాఖ హరిత విడుదులు ఉన్నాయి. వాన సూచన ఉన్నప్పుడు వెనక్కి తగ్గడానికి అలాంటి గట్టి కప్పు దగ్గరలో ఉండటం పిల్లలున్నవాళ్లకు అవసరం.

గండికోటలో స్థానికులు డేరాలు అద్దెకిస్తారు. తీసుకునే ముందు జిప్పు పైకీ కిందికీ లాగి చూడాలి, లోపల దూరి వెలుతురులో చిల్లులు వెతకాలి, అడుగు తడిసి బూజు వాసన వేస్తే మార్చమనాలి. ఏడాదికోసారి వెళ్లే కుటుంబం డేరా కొనడం అనవసరం. అటక మీద మూడేళ్లు మడతలో పడి ఉంటే లోపలి పూత జిగటగా మారి పొరలుగా ఊడిపోతుంది, ఆ తర్వాత వానకు పనికిరాదు. దోమతెర, నురుగు చాపలు, ఒక మంచి కంబళి మాత్రం సొంతంగా ఉంచుకోవాలి. డేరా ఎవరిదైనా ఫర్వాలేదు గాని, అద్దె దుప్పటి ఎప్పుడు ఉతికారో ఇచ్చినవాడు కూడా చెప్పలేడు.